రైలు రాని పట్టాల మీద

మా నాన్న రైల్వేలో గ్యాంగ్‌మన్. పట్టాల వెంట నడవడం ఆయనకు ఉద్యోగం, మాకు నిషేధం. అందుకే కిందటి వేసవిలో న్యూజెర్సీలో ఉండే మా తమ్ముడు "న్యూయార్కులో రైలుదారి మీద షికారు పోదాం" అనేసరికి అమ్మ హడలిపోయింది.

దాని పేరు హైలైన్. 1930లలో, వీధులకు ముప్ఫై అడుగుల ఎత్తున స్తంభాల మీద కట్టారు. 1980లో ఆఖరి గూడ్సు పోయాక పిచ్చిమొక్కలు మొలిచాయి. కూల్చేస్తామంటే ఊరివారు కొందరు పట్టుబట్టి ఆపించారు. 2009 నుంచి విడతలు విడతలుగా తోట అయింది. రెండు కిలోమీటర్ల పైచిల్లర నడక. ఎత్తుపల్లాలు లేవు, ఎక్కడానికి లిఫ్టుంది, టిక్కెట్టు లేదు. మోకాళ్ళ నొప్పులవారికి ఇంతకన్న ఏం కావాలి!

పూలమొక్కల నడుమ పాత పట్టాలు అక్కడక్కడా అలాగే ఉంచారు. పిల్లలు ముందు పరుగెత్తారు. అమ్మ మాత్రం పది అడుగులకోసారి వెనక్కి తిరిగి చూసేది. "రైలు రాదమ్మా" అంటే, "మీ నాన్నా అలాగే అనేవారు" అన్నది.

ఇది కట్టకముందు రైళ్ళు కింద వీధిలోనే, జనం మధ్యనే నడిచేవట. ఎందరో వాటికింద పడి చనిపోతుంటే, ఇంజను ముందు గుర్రం మీద ఒక మనిషిని ఎర్రజెండా ఇచ్చి పంపేవారట. తమ్ముడు ఈ సంగతి చెబుతుంటే అమ్మ నడక ఆపి బెంచీ మీద కూర్చుంది.

"మీ నాన్నకి గుర్రం ఒక్కటే లేదు" అన్నది.

కాసేపటికి వంగి పక్కనున్న పట్టాను చేత్తో తడిమింది.

"తుప్పు పట్టిందిరా. చూసే మనిషి లేడు కాబోలు."