8 వాట్ల యాంప్లిఫయర్‌కి బేస్ ఎక్కడి నుంచి రావాలి?

300బీ వాల్వును అమెరికాలోని వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీ 1930ల్లో తెచ్చింది. అప్పటి సినిమా హాళ్ల యాంప్లిఫయర్లలో పనిచేసిన వాల్వు అది. ఒక్క 300బీతో కట్టిన యాంప్లిఫయర్ ఇచ్చేది సుమారు 8 వాట్లే. అయినా దాని మీద గాత్రం, వయొలిన్ విన్నవాళ్లు అంత తేలిగ్గా వదులుకోరు. నేనూ ఆ పక్షమే. ఆ 8 వాట్లు చాలుతాయా లేదా అన్నది తేల్చేది మాత్రం స్పీకరే.

స్పీకర్‌కి 1 వాట్ ఇచ్చి 1 మీటర్ దూరంలో శబ్దం కొలిస్తే వచ్చేది సెన్సిటివిటీ. ఇళ్లల్లో వాడే స్పీకర్లకి అది 88 డెసిబెల్స్‌కి అటూ ఇటూగా ఉంటుంది. పాటలో ఒక్కసారిగా ఎగసే శబ్దం మనం కూర్చున్న చోటికి 100 డెసిబెల్స్‌గా చేరాలనుకుందాం. 3 మీటర్ల దూరానికి, గది గోడలు కలిపి ఇచ్చేది పోగా, 5 డెసిబెల్స్ తరుగు వేసుకుంటే 1 మీటర్ దగ్గర 105 రావాలి. 88 నుంచి 105కి 17 డెసిబెల్స్ ఎక్కాలి, అంటే 50 వాట్లు. 98 డెసిబెల్స్ స్పీకరైతే 5 వాట్లతో సరి.

అలాగని ఆ 10 డెసిబెల్స్ ఊరికే రావు. సెన్సిటివిటీ, పెట్టె సైజు, బేస్ లోతు ఈ మూడూ ఒకదానికొకటి కట్టుబడి ఉంటాయి. దీన్ని హాఫ్‌మన్ సూత్రం అంటారు. 50 లీటర్ల పెట్టెలో 40 హెర్ట్జ్ దాకా దిగే 88 డెసిబెల్స్ స్పీకర్‌ని, లోతు తగ్గకుండా 98కి పెంచాలంటే పెట్టె 500 లీటర్లు కావాలి. హాల్లో ఇంకో పెద్ద ఫ్రిజ్‌కి చోటు చూసుకోవాలన్నమాట. పెట్టె 50 లీటర్లలోనే ఉండాలంటే బేస్ 86 హెర్ట్జ్ దగ్గరే ఆగిపోతుంది. బేస్ గిటార్‌లో అడుగు తీగ మోగేది 41 హెర్ట్జ్ దగ్గర. 'గీతాంజలి' (1989)లో ఇళయరాజా పాటలకి ప్రాణమైన ఆ గిటార్‌లో కింది ఆక్టేవ్ మొత్తం, 41 నుంచి 82 వరకు, పలచబడిపోతుంది. గుడి మీది హారన్ మైకులో మృదంగం ఎడమవైపు నాదం వినపడకపోవడానికీ కారణం ఇలాంటిదే: కొద్ది వాట్లతో ఊరంతా వినిపిస్తుంది, మంద్రం మాత్రం ఉండదు.

అందుకే బేస్‌ని విడదీసి, దాన్ని పలికించే వూఫర్‌కి పెట్టెలోనే సొంత యాంప్లిఫయర్ పెడతారు. మూసిన పెట్టెలో బేస్ ఆగే చోటు నుంచి వూఫర్ ఒక ఆక్టేవ్ దిగేసరికి శబ్దం 12 డెసిబెల్స్ పడిపోతుంది. దాన్ని తిరిగి పైకెత్తాలంటే 16 రెట్లు పవర్ కావాలి. 86 హెర్ట్జ్ దగ్గర 5 వాట్లతో జరిగిన పని 43 దగ్గర 80 వాట్లు అడుగుతుంది, 30 దగ్గర 320 దాటుతుంది. కోన్ కదలిక కూడా ఆక్టేవ్‌కి 4 రెట్లు పెరుగుతుంది కాబట్టి వూఫర్ కూడా పెద్దదే ఉండాలి. ఇలాంటి స్పీకర్ల వెనక 300, 500 వాట్లని రాసి ఉంటే అది ప్రచారానికి వేసిన అంకె అనుకోకండి.

జర్మనీలోని అవంత్‌గార్డ్ అకూస్టిక్ దశాబ్దాలుగా ఈ పద్ధతిలోనే చేస్తోంది. పైన హారన్లు, కింద సొంత పవర్ ఉన్న వూఫర్లు. వాళ్ల డ్యుయో ఎక్స్‌డీకి ఇచ్చిన అంకె 107 డెసిబెల్స్. ఇందులో నాకు బాగా నచ్చేది బేస్‌కి సిగ్నల్ తీసుకునే తీరు. స్పీకర్ వైర్ల నుంచే తీసుకుంటే, వాల్వు యాంప్లిఫయర్ పలికే తీరు బేస్‌లోకీ వస్తుంది. బేస్ యాంప్లిఫయర్ ఇన్‌పుట్ 10,000 ఓమ్‌లనుకుంటే, 8 ఓమ్‌ల స్పీకర్‌కి 8 వాట్లు వెళ్తున్నప్పుడు అది తీసుకునేది 6.4 మిల్లీవాట్లు. భారం లేనట్టే.

కొనేముందు సెన్సిటివిటీ 1 వాట్‌కి రాశారా, 2.83 వోల్టులకి రాశారా అన్నది చూడండి. 4 ఓమ్‌ల స్పీకర్ 2.83 వోల్టులకి 2 వాట్లు తింటుంది. ఆ లెక్కన 98 అని ఉంటే అసలు 95.

సెన్సిటివిటీ పెరిగేకొద్దీ యాంప్లిఫయర్ సొంత గోల కూడా పెద్దదవుతుంది. 1 మిల్లీవోల్టు గోల 88 స్పీకర్‌లో 19 డెసిబెల్స్, వినపడదు. 107లో 38, రాత్రి నిశ్శబ్దంలో పాటకీ పాటకీ మధ్య తెలిసిపోతుంది. మామూలు గదికి, 8 వాట్లకి, 96 నుంచి 100 మధ్య ఉన్న స్పీకర్లనే నేను సిఫారసు చేస్తాను.