చెవి దాకా పాకిన పీత

ఆదివారం ఉదయం నేను న్యూజెర్సీ నుంచి విజయవాడలో ఉన్న పిన్నికి ఫోను చేస్తాను. మూడేళ్ళ క్రితం ఓసారి మాట మధ్యలో, "ఉండరా, ఈ చెవి సరిగ్గా వినబడి చావడం లేదు" అంటూ ఫోను ఎడమ చెవికి మార్చింది. పెద్దతనం అనుకున్నాను. అక్కడి డాక్టరు గారు చుక్కల మందు రాసిచ్చారు. రెండు నెలలు పోయాక, మంచినీళ్ళు తాగుతుంటే నోటి కుడి మూల నుంచి కారిపోతున్నాయనీ, కుడి కన్ను మూతపడడం లేదనీ చెప్పింది.

"తొమ్మిదేళ్ళ నాటి రొమ్ము కేన్సరు సంగతి ఆయనకి చెప్పావా?"

"చెవికీ దానికీ ఏమిటిరా సంబంధం?"

అరుదే కాని, ఉంది. లోపలి చెవి కణత ఎముకలో దాగి ఉంటుంది. ఆ భాగాన్ని 'పెట్రస్' అంటారు, అంటే రాతి వంటిది. (వేల ఏళ్ళ నాటి అస్థిపంజరాలలో డిఎన్‌ఏ కోసం తవ్వేది కూడా ఎక్కువగా ఈ ఎముకనే!) ఇంత గట్టి ఎముకకీ కొసన కొంత మూలుగ ఉంటుంది. అక్కడ నెత్తురు నెమ్మదిగా పారుతుంది కనుక, కొట్టుకొచ్చిన కేన్సరు కణం నిలదొక్కుకోగలదు. విత్తనం ఒక్కటే చాలదు, నేల కూడా అనువుగా ఉండాలని స్టీఫెన్ పేజెట్ 1889లోనే అన్నాడు. ఆయన చూసినదీ రొమ్ము కేన్సరునే. చెవికి పాకే వాటిలో అదే ముందుంటుంది. ఊపిరితిత్తులు, మూత్రపిండాలు, ప్రోస్టేట్ కేన్సర్లూ పాకుతాయి.

నత్తగుల్ల చుట్టూ ఉన్న పెంకు మహా గట్టిది, పీత తరచు దాన్ని చుట్టి పోతుంది. కాని వినికిడి నరమూ, ముఖాన్ని కదిలించే నరమూ ఒకే ఇరుకు దారిలో పక్కపక్కనే నడుస్తాయి. అందుకే చెవీ, మూతీ రెండూ చెడ్డాయి.

చెవిలో హోరు వచ్చిన ప్రతివారూ హడలిపోనక్కర లేదు. చాలామందికి అది గుబిలో, వయస్సో. మూతి వంకర కూడా ఎక్కువగా బెల్స్ పాల్సీయే. అది ఉన్నట్టుండి వస్తుంది, చాలామందికి కొన్ని వారాలలో కుదుటపడుతుంది. వంకర మెల్లిగా ముదురుతున్నా, పాత కేన్సరు ఉన్నవారికి దానితోపాటు వినికిడి తగ్గినా స్కాను తీయించాలి. ఎముక ఎక్కడ తినేసిందో సీటీలో కనబడుతుంది. మూలుగలోనూ, నరం మీదా ఉన్నది ఎమ్మారైలో తేలుతుంది.

పిన్నికి ఎమ్మారైలో తేలింది. రేడియేషను ఇచ్చారు. నీళ్ళు కారడం తగ్గింది, కుడి చెవి మాత్రం తిరిగి రాలేదు. ఇప్పుడు ఫోను తీస్తూనే ఎడమ చెవికి పెట్టుకుంటుంది.