మతసత్యానికి ప్రమాణమేది?

ఒక మతం సత్యమని గాని, అసత్యమని గాని నిర్ణయించడానికి ఆధారం ఏమిటి? ఈ ప్రశ్నపై జరిగే వివాదాలు ఎంతకూ ఎందుకు తెగవో పరిశీలిస్తే ఒక విషయం స్పష్టపడుతుంది. వాదులిద్దరూ ఒకే రాశిని కొలుస్తున్నామనుకుంటారు. కాని ఒకరి చేతిలో ఉన్నది త్రాసు, రెండవవారి చేతిలో ఉన్నది కుంచం. రాశిని గురించిన తగవు తీరాలంటే ముందు కొలతను గురించిన తగవు తీరాలి. పందొమ్మిదవ శతాబ్దపు కలకత్తాలో ఈ రెండవ తగవు సుమారు డెబ్బై సంవత్సరాలు సాగింది. ఆధునిక వంగ వచనానికి పదును పెట్టినవాటిలో అది ఒకటి. దాని ప్రతిధ్వని గోదావరీ తీరం దాకా వినబడింది. అందుచేత ఆ చరిత్ర తెలుగు రచయితలకు పరాయిది కాదు.

మన తర్కశాస్త్రం ఈ చిక్కును ఏనాడో గుర్తించింది. పుట్టిన జ్ఞానం బాధకం కనబడేవరకు ప్రమాణమే అన్నారు మీమాంసకులు, ఇది స్వతఃప్రామాణ్యవాదం. జ్ఞానానికి ప్రామాణ్యం దానిలోనే లేదు, వెలుపలినుంచి తేలవలసిందే అన్నారు నైయాయికులు; ఇది పరతఃప్రామాణ్యవాదం. దూరాన నీరు కనబడింది. అది ఎండమావో నీరో దగ్గరకు పోయి దప్పి తీర్చుకొన్నప్పుడే నిశ్చయమవుతుంది. ఆంధ్రుడుగా ప్రసిద్ధి పొందిన అన్నంభట్టు తర్కసంగ్రహాన్ని చదువుకొన్నవారికి ఈ ప్రమాణచర్చ కొత్త కాదు. స్థూలంగా చెప్పాలంటే విశ్వాసి మీమాంసకుని మార్గాన నడుస్తాడు: తప్పని నీవు రుజువు చేసేదాకా నా విశ్వాసం నిలుస్తుందంటాడు. సంశయవాది నైయాయికుని మార్గాన నడుస్తాడు: ఒప్పని నీవు రుజువు చేసేదాకా నేను అంగీకరించనంటాడు. నిరూపణభారం ఎవరిది అన్నదే అసలు వివాదం.

కలకత్తాలో ఈ చర్చకు నాంది పలికినవాడు రాజా రామమోహనరాయ్. ఆయన 1803–04 ప్రాంతంలో పారశీక భాషలో ‘తుహ్ఫత్ ఉల్ మువహ్హిదీన్’ అనే చిన్న గ్రంథం వ్రాశాడు. ప్రతి మతస్థుడూ తన మతాన్ని సత్యమని, ఇతర మతాలను భ్రాంతులని అంటున్నాడు. పరస్పర విరుద్ధమైన మాటలన్నీ సత్యం కాజాలవు గదా అని అందులో తర్కించాడు. 1820లో నాలుగు సువార్తలనుంచి క్రీస్తు నీతిబోధలను మాత్రం ఏర్చి, అద్భుతకథలను విడిచి, ఒక సంకలనం ప్రకటించాడు. అద్భుతాలు హిందువులను ఒప్పించలేవని ఆయన అభిప్రాయం. అంతకు మించిన అద్భుతాలు వారి పురాణాలలో కావలసినన్ని ఉన్నాయి. శ్రీరామపురం మిషనరీ జాషువా మార్ష్‌మన్ దీనిని తీవ్రంగా ఖండించాడు. క్రీస్తు దివ్యత్వాన్ని, ఆయన బలిదానంవల్ల కలిగే పాపవిమోచనను తొలగిస్తే మిగిలేది క్రైస్తవం కాదని ఆయన వాదం. ఒకరు నీతిని కొలతగా పట్టుకొన్నారు, రెండవవారు గ్రంథసమగ్రతను పట్టుకొన్నారు. ఈ వాదం మూడేండ్లకు పైగా సాగింది.

ఈ వివాదంలో అనువాదకులు మరువరాని ఘట్టం ఒకటి ఉన్నది. బాప్టిస్టు మిషనరీలు విలియం ఆడమ్, విలియం యేట్స్ రామమోహనునితో కలిసి సువార్తలను వంగభాషలోకి తెచ్చే పనికి పూనుకొన్నారు. యోహాను సువార్త ఆరంభంలో సమస్తమూ ‘ఆయన చేత’ కలిగినదనాలా, ‘ఆయన ద్వారా’ కలిగినదనాలా అన్న ప్రశ్న వచ్చింది. మూలంలోని గ్రీకు పదం ఎంత చిన్నదో దానివల్ల వచ్చిన చిక్కు అంత పెద్దది. ‘చేత’ అంటే క్రీస్తు స్వయంగా కర్త. ‘ద్వారా’ అంటే కర్త వేరొకడు, క్రీస్తు సాధనం మాత్రమే. యేట్స్ ఆ పనినుంచి తప్పుకొన్నాడు. 1821 నాటికి ఆడమ్ త్రిత్వసిద్ధాంతాన్నే విడిచి ఏకేశ్వరవాదులలో చేరిపోయాడు. మతం మార్చడానికి వచ్చినవాడే మారినాడని కలకత్తా నవ్వుకొన్నది. ఒక విభక్తి ప్రత్యయం దగ్గర ఒక మనిషి విశ్వాసం మలుపు తిరిగింది. పవిత్రగ్రంథమే ప్రమాణమనేవారు ఆ గ్రంథాన్ని చదివే భాషకూ ప్రామాణ్యం సంపాదించవలసి ఉంటుందన్నది ఈ ఘట్టం తెలిపే నీతి.

శబ్దప్రమాణానికి రెండవ పరీక్ష ఠాకూరుల ఇంట జరిగింది. దేవేంద్రనాథ్ ఠాకూర్ 1839లో తత్త్వబోధినీ సభను, 1843లో ఆ పేరుతోనే పత్రికను స్థాపించాడు. వేదాలు అభ్రాంతాలని ఆయన పక్షం అప్పట్లో నమ్మింది. అలెగ్జాండర్ డఫ్ వంటి మిషనరీల ఆక్షేపణకు అదే సమాధానంగా నిలిచింది. అయితే పత్రికాసంపాదకుడైన అక్షయకుమార్ దత్త అందుకు సమ్మతించలేదు. ఈ విశ్వమే దేవుడు వ్రాసిన శాస్త్రమని ఆయన మతం. దేవేంద్రనాథుడు వివాదాన్ని మాటలతో విడిచిపెట్టలేదు. నలుగురు విద్యార్థులను వేదాధ్యయనానికి కాశీకి పంపినాడు. 1847లో తానే వెళ్ళి చూశాడు. తాను నమ్మిన ఏకేశ్వరోపాసన వేదమంతటా కనబడలేదు. ఉపనిషత్తులలోనూ జీవబ్రహ్మైక్యం చెప్పే వాక్యాలు ఆయన భక్తిహృదయానికి రుచించలేదు. 1850 ప్రాంతంలో బ్రాహ్మసమాజం వేదాభ్రాంతత్వాన్ని విడిచిపెట్టింది. నమ్మినదానిని పరీక్షకు పెట్టి, ఫలితం ప్రతికూలమైతే అంగీకరించడం విశ్వాసులలో అరుదు. సంశయవాదులలోనూ అంతే అరుదు.

అయితే గ్రంథాన్ని దించిన పీఠంమీద దేనిని కూర్చోబెట్టాలి? ఇక్కడ మిత్రులు విడిపోయారు. అక్షయకుమారుడు బుద్ధిని కూర్చోబెట్టాడు. ఆయన ప్రార్థనను బీజగణితంలో పెట్టి చూపిన కథ వంగదేశంలో ప్రసిద్ధం. శ్రమవల్ల పంట పండుతుంది. శ్రమ, ప్రార్థన కలిసినా అంతే పంట పండుతుంది. కనుక ప్రార్థన విలువ సున్న. వినడానికి ఎంతో పొందికగా ఉన్న ఈ లెక్కలో ఒక లోపం ఉన్నది. ప్రార్థించేవాడు కోరేది పంటే అయితే లెక్క సరిపోతుంది. ధైర్యమో శాంతియో కోరేవాని పొలం ఈ సమీకరణంలోకి రాదు. కాని విశ్వాసి దీనితో సంతోషించడానికి వీలులేదు. వాన కురిసినప్పుడు ప్రార్థన ఫలించిందని చెప్పుకొని, కురవనప్పుడు ప్రార్థన ఉద్దేశమే వేరని తప్పించుకొనేవాడికి ఆ లెక్క నేటికీ సరియైన సమాధానమే.

దేవేంద్రనాథుడు నిర్మలమైన హృదయంలో కలిగే ప్రకాశాన్ని ప్రమాణంగా గ్రహించాడు. ఆ మార్గాన్ని చివరిదాకా నడిచినవాడు కేశవచంద్రసేన్. అంతరంగంలో వినబడే ఈశ్వరాదేశం ఆయనకు పరమప్రమాణమయింది. ఆ ప్రమాణానికి 1878లో పరీక్ష వచ్చింది. బ్రాహ్మవివాహాలకు ఉపకరించిన 1872 నాటి చట్టం వధువుకు 14, వరునికి 18 సంవత్సరాలు కనీసవయస్సుగా విధించింది. దానికోసం ముందుండి పనిచేసినవాడు కేశవుడే. ఆయన తన కుమార్తె సునీతిని కూచ్‌బిహార్ మహారాజుకు ఇచ్చి చేశాడు. వధూవరులిద్దరికీ ఆ వయస్సు నిండలేదు. ఇది ఈశ్వరాదేశమని ఆయన భావించాడు. అనుచరులలో చాలామంది ఒప్పుకోక, అదే సంవత్సరం మే నెలలో సాధారణ బ్రాహ్మసమాజాన్ని స్థాపించుకొన్నారు. వారు నాస్తికులు కారు, భక్తులే. వారు ఆయనకు దేవుని వాణి వినబడలేదని నిరూపించబూనలేదు, నిరూపించడం సాధ్యమూ కాదు. నీవు బోధించినదానిని నీవు ఆచరించలేదన్నారు. అంతరంగసాక్షి దగ్గర తెగని వ్యాజ్యం ఆచరణ దగ్గర తెగింది.

అనుభవప్రమాణానికి సంబంధించిన మరొక చర్చ 1885లో శ్యామపుకూరులో, ఒక రోగశయ్య ప్రక్కన జరిగింది. గొంతు పుండుతో బాధపడుతున్న శ్రీరామకృష్ణులకు చికిత్స చేసినవాడు డాక్టర్ మహేంద్రలాల్ సర్కార్. 1876లో భారతీయ విజ్ఞానపరిశోధనా సంఘాన్ని నెలకొల్పినవాడు ఆయనే. 1928లో చంద్రశేఖర వేంకటరామన్ విశ్వవిఖ్యాతమైన పరిశోధన చేసింది ఆ సంస్థలోనే. సర్కార్ దేవుణ్ణి కాదనలేదు. మనిషిని దేవుడుగా పూజించడాన్ని కాదన్నాడు. రోగిని చూడవచ్చి గంటలకొద్దీ కూర్చొని శిష్యులతో వాదించేవాడు. ఆ సంభాషణలను మహేంద్రనాథ్ గుప్త ‘కథామృతం’లో గ్రంథస్థం చేశాడు. వ్రాసినవాడు శిష్యుడే అయినా వైద్యుని ఆక్షేపణలను దాచలేదు. ఆ గ్రంథానికి విశ్వసనీయత తెచ్చినవాటిలో ఇది ఒకటి.

కాని సర్కార్ జీవితంలోనే సంశయవాదికి ఒక పాఠం ఉన్నది. మొదట హోమియోపతీ వైద్యాన్ని ఎగతాళి చేసిన ఆయన, రోగులు నయం కావడం కండ్లారా చూచి, 1867లో ఆ వైద్యాన్ని బహిరంగంగా సమర్థించాడు. తోటి వైద్యులు ఆయనను వెలివేసినంత పని చేశారు. ప్రత్యక్షాన్ని నమ్మి పరువును పణం పెట్టిన ఆ ధైర్యం శ్లాఘ్యమే. అయినా ఆ తరువాత జరిగిన జాగ్రత్తైన పరీక్షలలో ఆ మందులకు ఉత్తుత్తి మందుకు మించిన గుణం ఉన్నట్లు తేలలేదు. నేను చూశాను, నయమయింది అన్నది వైద్యుని సాక్ష్యం. నేను చూశాను, శాంతి లభించింది అన్నది భక్తుని సాక్ష్యం. రెండూ ఒకే జాతివి. చూచినది అబద్ధం కాదు. దానికి చెప్పిన కారణం నిలవకపోవచ్చు. న్యాయసూత్రకారుడు వేదప్రామాణ్యానికి ఆయుర్వేదాన్ని దృష్టాంతంగా చూపినప్పుడు కూడా ఆధారపడినది ఇటువంటి ఫలదర్శనంమీదనే. ఫలం కనబడింది సరే, అది ఈ కారణంవల్లనే వచ్చిందా అని అడగడం ఇరుపక్షాలకూ కష్టమైన పని.

వాదగ్రంథాలు ఆగిన చోట సాహిత్యం అందుకొన్నది. రవీంద్రనాథుని ‘చతురంగం’ 1916లో గ్రంథరూపంలో వచ్చింది. అందులో జగమోహనుడు పరమనాస్తికుడు, తమ్ముడు హరిమోహనుడు ఆచారపరుడు. నగరంలో ప్లేగు చెలరేగినప్పుడు జగమోహనుడు తన ఇంటినే ఆసుపత్రిగా మార్చి, దిక్కులేనివారికి సేవ చేస్తూ ఆ వ్యాధితోనే మరణిస్తాడు. ఇందువల్ల నాస్తికత్వం సత్యమని తేలిందా? తేలలేదు. ఆయన చేతుల్లో పెరిగిన శచీశుడు ఆ తరువాత ఒక స్వామి వెంట కీర్తనలు పాడుతూ తిరుగుతాడు, అక్కడా నిలవడు. మంచి మనిషి నమ్మినంత మాత్రాన మాట సత్యం కాదు, చెడ్డ మనిషి నమ్మినంత మాత్రాన అసత్యమూ కాదు. ఆచరణవల్ల తేలేది నమ్మేవాని చిత్తశుద్ధి. నమ్మినదాని సత్యం వేరొక ప్రశ్న. ఈ రెంటినీ కలిపివేయకపోవడమే ఆ నవల గొప్పతనం.

కలకత్తా చర్చల ఫలాన్ని తెలుగువారూ అనుభవించారు. ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు 1855లో పరాశరస్మృతి ఆధారంగా వితంతు వివాహాన్ని సమర్థించాడు. వీరేశలింగం పంతులు రాజమహేంద్రవరంలో అదే శాస్త్రచర్చను పండితులతో నడిపి, 1881లో మొదటి వితంతు వివాహం జరిపించాడు. ఇద్దరికీ ఆ సంస్కరణ న్యాయమని తోచింది కరుణవల్ల; ప్రతిపక్షి ఒప్పుకొనే కొలత శాస్త్రం కాబట్టి శాస్త్రం చేతబట్టారు. ఎదుటివాని కుంచంతో కొలిచి చూపడం వాదనీతిలో ఉత్తమమైన పద్ధతి. అయితే దానిలో ఒక ప్రమాదం ఉన్నది. రేపు మరొక స్మృతివాక్యం ఎదురయితే కరుణ కూడా ఓడిపోయినట్లు కనబడుతుంది.

ఈ చరిత్రనుంచి విశ్వాసీ సంశయవాదీ గ్రహించదగినది ఒకటే. పరమతాన్ని కొలిచే కొలతతో స్వమతాన్ని కొలవాలి. ఇతరుల అద్భుతాలను కల్పితాలని తోసివేసేవాడు తనవాటినీ ఆ పరీక్షకు నిలపాలి. భక్తుని అనుభవాన్ని భ్రాంతి అనేవాడు తన అనుభవాన్నీ అంతే కఠినంగా ప్రశ్నించుకోవాలి. దేవేంద్రనాథుడు కాశీకి వెళ్ళింది ఈ న్యాయానికి తలవంచే. నవలలో భక్తుణ్ణి మూఢుడుగానో, హేతువాదిని హృదయంలేనివాడుగానో చిత్రించే రచయిత ఆ పరీక్షను తప్పించుకొంటున్నాడు. పాత్ర చేతిలో ఏ కొలత ఉన్నదో, దానిని ఆ పాత్ర తనకు తాను అన్వయించుకొన్నదో లేదో చూపితే చాలు. తీర్పు పాఠకుడు చెప్పుకొంటాడు.