చెక్కిన బొండము

కోనసీమ తోటలలో దింపు ముగిసి దూరనగరములకు లారీలనెక్కు కొబ్బరిబొండము తనలోని నీటికంటె మీది డొక్క బరువునే మిక్కిలిగా మోసికొని పోవుచున్నది. ఆ డొక్కను తోటకడనే చెక్కివేసినచో బండికి భారము తగ్గును. పీచు ఇక్కడి పనులకే దక్కును. ఇంత సులభోపాయము చిరకాలము సాగకపోవుటకు కారణమొక్కటే: కత్తి సోకిన కొలదిసేపటికే ఆ తెల్లని మేను కపిలవర్ణమునకు తిరిగి, పిదప బూజుపట్టుచుండెను. లోని నీరు నిర్మలముగానే యున్నను, చూడ రోతయైన కాయను కొనువారెవ్వరు?

ఈ వర్ణవిపర్యయపు మూలము తొలుత కొబ్బరిలో దొరకలేదు. జపాను శాస్త్రజ్ఞుడు యోషిదా 1883లో ఉరుషి చెట్టు పాలు గాలి సోకి నల్లబడుటకు, వేడికి నశించునట్టి ఒక పదార్థము హేతువని చూపెను. 1895లో ఫ్రాన్సున బూర్కెలో, బెర్త్రాన్ అను ఇరువురు పుట్టగొడుగులలో అట్టిదే యగు టైరోసినేజు అను ఎంజైమును కనుగొనిరి. చెక్కుచెదరని కణములో ఫినాలులను పదార్థములును ఈ జాతి ఎంజైములును వేర్వేరు గదులలో నుండును. కత్తివాదర ఆ గోడలను ఛేదించినంతనే రెండును కలియగా, ఫినాలులు ప్రాణవాయువు తోడుగా క్వినోనులై, అవి పెనవేసికొని కపిలవర్ణమును దాల్చును.

కేరళ వ్యవసాయ విశ్వవిద్యాలయము కొబ్బరి అభివృద్ధి మండలి తోడ్పాటుతో రూపొందించిన పద్ధతి ఈ కలయికపైననే దెబ్బతీసినది. చెక్కిన బొండమును నూటికి అరపాలు సిట్రిక్ ఆమ్లము, అరపాలు పొటాషియం మెటాబైసల్ఫైటు కలిపిన నీటిలో 3 నిమిషములు ముంచుదురు. ఆమ్లము ఎంజైమును మందగింపజేయును. సల్ఫైటు క్వినోనులను పట్టివేయుటయే గాక బూజునుగూడ అణచును. పిదప పలుచని ప్లాస్టిక్ పొర చుట్టి 5 నుండి 7 డిగ్రీల సెల్సియస్ చలిలో నుంచినచో 24 దినములు నిలుచును.

అయితే సల్ఫైటు అన్నిటికిని తగిన మందు కాదు. ఉబ్బస రోగులకది ప్రమాదకరమని తేలి, అమెరికాలో 1986లో పచ్చిగా తిను పండ్లకు, కూరలకు దానిని నిషేధించిరి. బొండమున మందు తగులునది చెక్కగా మిగిలిన డొక్కకే. నీటికి చిప్ప కోటగా నిలుచును. కోసిన బొప్పాయి ముక్కకట్టి కోట లేదు గనుక, దానికి శుభ్రమైన కత్తి, శుద్ధజలము, ఎడతెగని చలియే శరణ్యములు.

అంబాజీపేట ఉద్యాన పరిశోధనా స్థానము గంగాబొండము నుండి నీటికొరకే యెన్నుకొని ‘గౌతమి గంగ’ రకమును మనకిచ్చినది. చెక్కుడు కొట్టములును శీతల గదులును కోనసీమ తోటల చెంతనే వెలయవలెనని నా గాఢమైన కోరిక. ఏలయన తోటనుండి అంగడివరకు నడుమ నొక్క మండుటెండ మధ్యాహ్నము చలి తప్పినను, ఆ 24 దినముల లెక్క నిలువదు.