ఆటల ప్యాకేజీ.. అవసరమెంత? భారమెంత?
తెలుగు వ్యాఖ్యానం కోసం ఏడాదంతా చెల్లించనవసరం లేదు
నెలల లెక్క తెలిస్తే కేబుల్ బిల్లులో ఆదా

విశాఖపట్నం: ఆట మన ఊళ్లోనే. చూడవలసింది మాత్రం టీవీలోనే. 2025 ఆగస్టు 29న ప్రో కబడ్డీ పన్నెండో అంచె విశాఖలోనే ఆరంభమైంది. అదే ఏడాది అక్టోబరు 9న, 12న మహిళల ప్రపంచకప్‌లో భారత జట్టు ఇక్కడే ఆడింది. డిసెంబరు 6న దక్షిణాఫ్రికాతో పురుషుల మూడో వన్డేకూ విశాఖ మైదానమే వేదికైంది. టిక్కెట్టు దొరికినవారు వేలల్లో ఉంటే, ఇంట్లో టీవీ ముందు కూర్చున్నవారు లక్షల్లో ఉంటారు. ఆ ఇళ్లలో నెలనెలా తలెత్తే ప్రశ్న ఒక్కటే. కేబుల్ ఆపరేటరు, డీటీహెచ్ సంస్థ అంటగట్టే తెలుగు స్పోర్ట్స్ ప్యాకేజీకి డబ్బు కట్టడం లాభమా, నష్టమా?

ఈ ప్రశ్నకు అందరికీ ఒకే సమాధానం లేదు. ఎవరు ఏ ఆట చూస్తారు, ఏ నెలల్లో చూస్తారు అన్న దానిపైనే అది ఆధారపడి ఉంటుంది. చిక్కేమిటంటే, ఆటలకు రుతువులున్నాయి గానీ బిల్లుకు లేవు.

బిల్లులో ఏముంది?

టెలికాం నియంత్రణ సంస్థ (ట్రాయ్) తెచ్చిన కొత్త విధానం 2019 ఫిబ్రవరి నుంచి అమల్లోకి వచ్చిన సంగతి విదితమే. దాని ప్రకారం బిల్లు మూడు ముక్కలుగా ఉంటుంది. మొదటిది నెట్‌వర్క్ రుసుము. తొలుత వంద ఛానళ్లకు రూ.130గా దీని గరిష్ఠ పరిమితిని నిర్ణయించారు. 2024 జులైలో జారీ అయిన సవరణ ఉత్తర్వు ఆ పరిమితిని తొలగించింది. అప్పటి నుంచి రుసుము నిర్ణయం సంస్థల చేతికి వెళ్లింది. రెండోది వినియోగదారుడు ఎంచుకున్న పే ఛానళ్ల ధర. మూడోది వీటిపై 18 శాతం జీఎస్టీ.

చాలా ఇళ్లలో ఈ మూడూ కలిపి ఒకే మొత్తంగా చెల్లిస్తున్నారు. ఆపరేటరు చెప్పిన అంకె, చేతిలో పెట్టిన నోట్లు.. అంతటితో సరి. విడివిడిగా రాసి ఇమ్మని అడిగితే తప్ప క్రీడా ఛానల్‌కు ఎంత పోతున్నదో తెలియదు. అడగడం వినియోగదారుడి హక్కు. మొహమాటపడవలసిన పని లేదు.

ఛానల్ విడిగానా.. కట్టగానా?

ప్యాకేజీలో చేర్చే ఏ ఛానల్ విడి ధరా రూ.19 మించరాదన్నది నిబంధన. 2022 నవంబరు సవరణలో ట్రాయ్ ఈ పరిమితినే ఖరారు చేసింది. తెలుగు క్రీడా ఛానల్ ఒకటి ఆ గరిష్ఠ ధరకే దొరుకుతున్నదనుకుందాం. జీఎస్టీతో కలిపి నెలకు రూ.22.42 అవుతుంది. ఏడాదికి రూ.269.04. ఐపీఎల్ మాత్రమే చూసే ఇల్లు మార్చి నుంచి మే వరకు మూడు నెలలు తీసుకుంటే రూ.67.26తో సరిపోతుంది. మిగిలే రూ.201 పెద్ద మొత్తం కాదనిపించవచ్చు. అయితే బిల్లులో ఇలా చూడకుండా డబ్బు కడుతున్న ఛానళ్లు ఐదారు ఉండే ఇళ్లే ఎక్కువ.

కట్టగా తీసుకుంటే చౌక అన్న మాటలో నిజం లేకపోలేదు. కట్టపై ప్రసార సంస్థ ఇవ్వగల రాయితీ విడి ధరల మొత్తంలో 45 శాతానికి మించరాదు. ఉదాహరణకు పది ఛానళ్ల విడి ధరలు కలిపి రూ.80 అయితే కట్ట ధర రూ.44 వరకు తగ్గవచ్చు. ఆ పదింటిలో ఇంటిల్లిపాదీ చూసేవి రెండే అయి, వాటి ధర రూ.31 అయితే విడిగా తీసుకోవడమే మేలు. సీరియళ్ల ఛానల్, సినిమాల ఛానల్ కూడా అందులోవే చూస్తూ విడి ధరలు రూ.50 దాటితే కట్టే లాభం. కాబట్టి ఆటల కోసం ప్యాకేజీ తీసుకుంటున్నామని ఇంటి యజమాని అనుకున్నా, లెక్క తేల్చేది మిగతావారు చూసే ఛానళ్లే. ఇంట్లో రెండో టీవీ ఉంటే పే ఛానల్ ధర దానికి వేరుగా పడుతుందని మరువరాదు.

ఒక్క సంస్థతో సరిపోదు

తెలుగులో క్రీడా ప్రసారాలకు ప్రత్యేక ఛానల్‌ను స్టార్ సంస్థ 2018 డిసెంబరులో ఆరంభించింది. తమిళ, తెలుగు ప్రేక్షకుల కోసం సోనీ 2021 జూన్‌లో టెన్ 4ను తెచ్చింది. హక్కులు ఈ రెండు సమూహాల మధ్య చీలి ఉండటమే అసలు సమస్య. 2025 సంవత్సరాన్నే తీసుకుంటే.. మార్చి 22 నుంచి జూన్ 3 వరకు ఐపీఎల్ స్టార్‌లో వచ్చింది. జూన్ 20న మొదలై ఆగస్టు 4న ముగిసిన ఇంగ్లండ్ టెస్టు సిరీస్, సెప్టెంబరులో ఆసియా కప్ సోనీలో వచ్చాయి. ప్రో కబడ్డీ, మహిళల ప్రపంచకప్ మళ్లీ స్టార్‌లోనే.

అంటే ఐపీఎల్ కోసం ఒక ప్యాకేజీ తీసుకుని, ఏడాదంతా దానికే డబ్బు కట్టిన అభిమాని వేసవి దాటగానే ఇంగ్లండ్ టెస్టులు కనబడక తెల్లబోవలసిందే. మరోవైపు తెలుగు టైటాన్స్ ఆట కోసమే ఎదురుచూసే కబడ్డీ ప్రియుడికి ఆగస్టు చివరి నుంచి అక్టోబరు దాకా చందా ఉంటే చాలు. ఛానల్ చేర్చమన్నా, తీసివేయమన్నా 72 గంటల్లో అమలు చేయాలని నియమావళి చెబుతున్నది. ఆఖరి నిమిషంలో ఫోన్ చేస్తే తొలి మ్యాచ్ చేజారే ప్రమాదం ఉన్నందున నాలుగు రోజుల ముందే చెప్పుకోవడం శ్రేయస్కరం. ఏ ఛానల్, ఏ నంబరు, అందులో తెలుగు వ్యాఖ్యానం ఉందా అన్నవి అప్పుడే అడిగి తెలుసుకోవాలి. ‘స్పోర్ట్స్ ప్యాక్’ అన్న పేరు చూసి తీసుకుంటే హిందీ, ఆంగ్ల ఛానళ్లే చేతికి రావచ్చు.

ఉచితంగా ఎంత?

భారత పురుషుల జట్టు ఆడే అధికారిక వన్డేలు, టీ20ల ప్రసారాన్ని ప్రసార భారతితో పంచుకోవాలన్నది 2007 నాటి చట్టం. అయినా కేబుల్‌లోని దూరదర్శన్‌లో మ్యాచ్ రావడం లేదెందుకని పలువురు ప్రశ్నిస్తుంటారు. ఆ ప్రసారం దూరదర్శన్ సొంత భూతల ప్రసారానికి, ఫ్రీడిష్‌కే పరిమితమని 2017 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. కేబుల్ కనెక్షన్ ఉన్న ఇంట్లో కనబడని ఆట, ఫ్రీడిష్ ఉన్న పక్కింట్లో కనబడటానికి కారణం ఇదే. ఫ్రీడిష్‌కు పరికరం కొనుగోలు ఖర్చు తప్ప నెలవారీ చందా లేదు. దేశం ఆడే పరిమిత ఓవర్ల ఆటలు చాలనుకునేవారికి ఇది చాలు. ఐపీఎల్, ప్రో కబడ్డీ వంటి లీగ్‌లు మాత్రం ఈ చట్టం పరిధిలోకి రావు. అన్ని ఆటలకూ తెలుగు మాట వినబడుతుందన్న హామీ కూడా లేదు.

సెల్‌ఫోన్‌లో చూస్తే..

జియోహాట్‌స్టార్ 2025 ఫిబ్రవరిలో ఆరంభమైనప్పుడు ప్రకటనలతో కూడిన మొబైల్ పథకం ధర మూడు నెలలకు రూ.149. ఒంటరిగా చూసే విద్యార్థికి, షిఫ్టు డ్యూటీలు చేసే కార్మికునికి ఇది అనుకూలం. రోజుకు 1.5 జీబీ చొప్పున వచ్చే రీఛార్జితో పూర్తి మ్యాచ్‌ను మంచి నాణ్యతతో చూడటం కష్టం. పైగా ప్రసారం కొన్ని సెకన్లు ఆలస్యంగా వస్తుంది. ఎదురింట్లో సిక్సరు కేక వినబడ్డాక ఇక్కడ బౌలరు పరుగు మొదలుపెడతాడు. నలుగురూ కలిసి చూసే ఇంటికి టీవీకి సాటి మరొకటి లేదు.

భాషకే ఆ ధర

నిజానికి తెలుగు ఛానల్‌కు కట్టేది బొమ్మ కోసం కాదు, మాట కోసం. అదే ఆట హిందీలోనో ఆంగ్లంలోనో వచ్చే ఛానల్ ఇంట్లో ఇదివరకే ఉండవచ్చు. చదువుకున్న కుర్రవాడికి అది చాలు. స్కోరుబోర్డు చదవలేని అవ్వకు, రైడరు బోనసు గీత దాటాడో లేదో వ్యాఖ్యాత చెబితే గానీ తెలియని తాతకు అది చాలదు. 2025 నవంబరు 2న ప్రపంచకప్ గెలిచిన జట్టులో కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి ఉన్నదన్న ముచ్చట తెలుగులో వింటే కలిగే సంతోషానికి ధర కట్టలేం. అటువంటి పెద్దలున్న ఇంట నెలకు రూ.22 వృథా ఖర్చనిపించుకోదు. అందరికీ హిందీ అర్థమయ్యే ఇంట మాత్రం ఒకే ఆటకు రెండు భాషల ఛానళ్లు ఉంచుకోవడం దండగే.

టీస్టాళ్లు, మెస్సుల వంటి చోట్ల లెక్క వేరు. అక్కడ ఇంటి చందా చెల్లకపోవచ్చు. వాణిజ్య కనెక్షన్ నిబంధనలను ఆపరేటరును అడిగి తెలుసుకున్నాకే టీవీ పెట్టుకోవడం మంచిది.

ఈ నెల బిల్లు చేతికి రాగానే దానిలోని క్రీడా ఛానళ్ల పేర్లు ఒక కాగితంపై రాసుకుని, గత ముప్ఫై రోజుల్లో ఒక్కొక్కటి ఎన్నిసార్లు పెట్టారో ఇంట్లోవారిని అడిగితే సరి. ఒక్కసారీ పెట్టని దానిని అప్పటికప్పుడే తీసివేయమని చెప్పవచ్చు. సీజన్ రాగానే మళ్లీ చేర్చుకోవచ్చు.