ఎదిగే వయసులో కీళ్ల నొప్పులు: పరీక్షలో తొందరపాటు తగదు

కొంపల్లి: హకీంపేటలోని రాష్ట్ర క్రీడా పాఠశాల నాల్గవ తరగతి నుంచే విద్యార్థులను చేర్చుకుంటుంది. అంటే ఎముకలు వేగంగా ఎదిగే సంవత్సరాలు మైదానంలోనే గడుస్తాయి. కొంపల్లి, మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాలలోని ఇతర పాఠశాలల్లోనూ ఆటలాడే పిల్లలకు మోకాలు, మడమ, నడుము నొప్పులు సాధారణమే. అయితే అన్నింటికీ "పెరిగే వయసు నొప్పులు" అని పేరుపెట్టి ఊరుకోవడం పొరపాటు. ఆ నొప్పులు ఎక్కువగా 3 నుంచి 12 ఏళ్ల పిల్లలకు, రెండు కాళ్లలోనూ, సాయంత్రం లేదా రాత్రి వచ్చి తెల్లవారేసరికి తగ్గిపోతాయి. పదిహేనేళ్ల బాలునికి ఒకే మోకాలు వారాల తరబడి నొప్పి పెడితే అది ఆ కోవలోకి రాదు.

మోకాలిచిప్ప కింద ఎముక ఉబ్బి, పరుగెత్తినప్పుడు, గెంతినప్పుడు నొప్పి పుడితే అది చాలావరకు ఆస్‌గుడ్-ష్లాటర్ సమస్య. 1903లో ఇద్దరు వైద్యులు దీనిని వేర్వేరుగా వర్ణించారు. చేతితో తాకి చూసి గుర్తించవచ్చు. ఆటను కొంత తగ్గిస్తే, ఎదుగుదల ముగిసేసరికి సాధారణంగా సర్దుకుంటుంది. ఆట పూర్తిగా మాన్పించనవసరం లేదు.

అసలు జాగ్రత్త వహించవలసినది తుంటి విషయంలో. తొడ ఎముక తల తన స్థానం నుంచి జారినప్పుడు బాలుడు చెప్పేది మోకాలి నొప్పే కావచ్చు. మోకాలికి ఎక్స్‌రే తీసి, బాగుందని పంపివేస్తే జబ్బు లోపలే ముదురుతుంది. రక్తప్రసరణ దెబ్బతిని కీలు శాశ్వతంగా పాడయ్యే ప్రమాదం ఉంది. స్థూలకాయులైన పిల్లల్లో ఇది ఎక్కువ. కుంటుతున్న కౌమార వయస్కునికి రెండు తుంటి కీళ్లనూ పరీక్షించడం, అనుమానం ఉంటే నడవనీయకుండా అదే రోజు ఎముకల వైద్యుని వద్దకు పంపడం తప్పనిసరి.

నిద్ర చెడగొట్టే నొప్పి, తగ్గని వాపు, జ్వరం, బరువు తగ్గడం ఉంటే ఎముక క్యాన్సర్, క్షయ, ఇతర ఇన్ఫెక్షన్ల కోసం పరీక్షలు జరగాలి. ఉదయం కీళ్లు బిగుసుకొని, వాపు ఆరు వారాలు దాటితే బాల్య కీళ్లవాతం అనుమానించాలి. ఇటువంటి వాపులపై మర్దన, నాటు కట్లు కాలహరణమే.

2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు ప్రభుత్వ, ఎయిడెడ్ పాఠశాలల విద్యార్థులను 18 ఏళ్ల వరకు పరీక్షిస్తాయి. ప్రైవేటు పాఠశాలలు అధికంగా ఉన్న కొంపల్లిలో ఆ బాధ్యత ఎక్కువగా వ్యాయామ ఉపాధ్యాయులపైనే పడుతుంది. నొప్పి ఏ కాలిలో, ఎన్నాళ్లుగా, రాత్రివేళ ఉందా, కుంటుతున్నాడా అన్న నాలుగు వివరాలు రాసిన చీటీతో విద్యార్థిని పంపితే వైద్యుని పని సగం సులువవుతుంది.