సైకిల్ గెంతులు – కనిపించని దెబ్బ

సెలవుల్లో మీ అబ్బాయి, అతని స్నేహితుడు కలిసి నంబులపూలకుంట గుట్టల వాలులో మట్టి దిబ్బ పోసి, రాళ్లమీద చెక్క వేసి సైకిళ్లు ఎగిరిస్తున్నారా? వద్దని కొడితే చాటుగా కడతారు. మీరే వెళ్లి చూడండి. చెక్క కదలకూడదు, దిబ్బ మోకాలి ఎత్తు దాటకూడదు. దిగేచోట బండ కాక మెత్తని మట్టి వాలు ఉండాలి. హెల్మెట్ తప్పనిసరి.

మోకాలు గీసుకుంటే అందరికీ కనబడుతుంది. హ్యాండిల్ కొన కడుపులో పొడుచుకుంటే పైన చిన్న కమిలిన మచ్చే ఉంటుంది. లోపల కాలేయమో ప్లీహమో చిట్లి రక్తం కారుతుండవచ్చు. నొప్పి కొన్ని గంటల తర్వాత పెరగవచ్చు. అందుకే రబ్బరు గ్రిప్పులు ఊడిన సైకిల్‌ తొక్కనివ్వకండి. పడిన తర్వాత కడుపునొప్పి, వాంతులు, భుజం నొప్పి, ముఖం పాలిపోవడం కనిపిస్తే ఏమీ తినిపించకుండా, తాగించకుండా 108కు ఫోన్ చేయండి.

తిడతారని పిల్లవాడు చెప్పకపోవచ్చు. ఎలా పడ్డాడో ఆ స్నేహితుణ్ణి అడగండి.